దేవుడికి తప్ప

మొన్న మా మనవరాలి బడికి వెళ్లాను. ఎల్బీనగర్ చౌరస్తా దాటి నాలుగడుగులు వేస్తే ఒక సందులో ఉంటుంది ఆ బడి. మా అమ్మాయికి సెలవు దొరక్క నన్ను పంపింది. ఐదేళ్ల పిల్లలు కూర్చునే కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద ఒక రంగుల చార్టు ఉంది. నవ్వే ముఖం, ఏడ్చే ముఖం, కోపం ముఖం, భయం ముఖం. పిల్లలు పొద్దున్నే వచ్చి, ఈ రోజు తమది ఏ ముఖమో వేలు పెట్టి చూపించాలట.

"మీ పాప ఈ విషయంలో చాలా ముందుందండీ," అంది టీచరు. పాతికేళ్లు కూడా ఉండవు ఆ అమ్మాయికి. "మనసులో ఏముందో దాచకుండా చెప్పేస్తుంది. పక్కపిల్ల ఏడుస్తుంటే ఎందుకో కనుక్కుని మాకొచ్చి చెప్తుంది. ఎమోషనల్ స్కిల్స్ అంటామండీ. అవి బాగుంటే పిల్లలు అందరితో ఇట్టే కలిసిపోతారు."

"మీకొచ్చి చెప్తుందా?"

"అన్నీ చెప్తుందండీ."

"మరి మీరు ఎవరికి చెప్తారు?" అని అడిగాను.

ఆ అమ్మాయికి నా ప్రశ్న అర్థం కాలేదు. ముసలావిడ ఏదో అంటోందనుకుని నవ్వి, సంతకం పెట్టమని కాగితం జరిపింది. తప్పు ఆమెది కాదు. నేనే ఆ చార్టు చూసినప్పటి నుంచీ మనసు బాగాలేక కూర్చున్నాను. అట్ట మీద గీసిన అలాంటి ముఖాలు నాకు ఏడేళ్లప్పుడే తెలుసు.

అప్పుడు మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్లం. ఇప్పటి చీరల దుకాణాలూ కోచింగ్ సెంటర్లూ చూసిన వాళ్లకు చెబితే నమ్మరు గానీ, మా ఇల్లు దాటితే ద్రాక్ష తోటలే. తోటలకు మందు కొట్టిన రోజు ఇంట్లో అన్నం కూడా అదే వాసన వచ్చేది. ఆ తర్వాత ఎల్బీనగర్ వైపంతా రాళ్లు, తాటిచెట్లు, ఎవరో ప్లాట్లు చేసి పాతిన హద్దురాళ్లు. మాది నాలుగు వాటాల ఇల్లు. వాటాకు ఒక గది, ఒక వంటిల్లు. నలుగురికీ కలిపి ఒకటే వాకిలి, ఒకటే బావి. మా నాయిన ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని చేసేవాడు. తుర్కయంజాల్ అవతల మా ఊరు. ఊళ్లో భూమి లేదు, చర్చి ఉంది. పట్నం వచ్చాక కూడా మాకు చుట్టాలంటే చర్చివాళ్లే.

నాకు ఆరేళ్లప్పుడు గోడ అవతలి వాటాలోకి కోస్తా నుంచి వచ్చిన కుటుంబం ఒకటి దిగింది. ఆయన ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. నేను ఆయన్ను బాబాయిగారనీ, ఆవిడను పిన్నిగారనీ పిలిచేదాన్ని. ఆ 'గారు' ఆవిడ నేర్పిందే. పొద్దున్నే వాళ్లింట్లో ఇంగువ తిరగమోత పడితే మా నాయినమ్మ "ఇగ లేవుండ్రి, వాళ్లకు తెల్లారింది" అనేది. ఆదివారం మా ఇంట్లో ఎండుచేపలు వేగితే వాళ్ల కిటికీ మెల్లగా మూసుకునేది. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. మా ఇంట్లో వండింది వాళ్లు తినరని మాకు తెలుసు, అందుకని మేము పెట్టేవాళ్లం కాదు. వాళ్ల అమ్మాయి మాత్రం మా పొయ్యి దగ్గర కూర్చుని జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం దొంగతనంగా తినేది. తిన్నాక నోరు వాసన రాకుండా తులసాకు నమిలి ఇంటికి పోయేది. ఆ ఉపాయం చెప్పింది నేనే.

ఆ పిల్లకు నా వయసే. మొదట్లో ఎవరితోనూ కలిసేది కాదు. వాళ్లమ్మ కొంగు పట్టుకుని గుమ్మంలో నిలబడి మా ఆటలు చూసేది. మాట్లాడితే మిగతా పిల్లలు ఆ యాసను వెక్కిరించేవారు. నేను మూడు రోజులు దానితో ఒక్క మాట మాట్లాడకుండా, దానికి రెండడుగుల దూరంలో కూర్చుని అచ్చనగాయలు ఆడాను. నాలుగో రోజు ఒక గింజ జారి దాని కాళ్ల దగ్గర పడింది. తీసి ఇచ్చింది. ఆ తర్వాత ఇద్దరం ఒకే కంచం, ఒకే మంచం.

అలా దగ్గర చేసుకోవడం నాకు ఊరికే రాలేదు. టీచరన్న నేర్పాడు.

టీచరన్న మా సండే స్కూలులో చెప్పేవాడు. బీఏ పాసై రెండేళ్లయింది, ఉద్యోగం లేదు. చంపాపేటలో ఎవరింట్లోనో ఉంటూ అక్కడి నుంచి నడిచి వచ్చేవాడు. ఆ ఏడాది, అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం వచ్చి బడులు మూతపడ్డాయి. బస్సులు రోజు మార్చి రోజు ఆగిపోయేవి. పెద్దవాళ్లు రేడియో చుట్టూ చేరి గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. ఎవరి కొడుకును పోలీసులు పట్టుకుపోయారు, ఎక్కడ కాల్పులు జరిగాయి, ఎవరు దవాఖానలో ఉన్నారు, ఇవే మాటలు. పిల్లలం మాత్రం పండగ చేసుకున్నాం. వేపకొమ్మలు పట్టుకుని వాకిట్లో ఊరేగింపు తీసేవాళ్లం. మా అందరికన్నా గట్టిగా "జై తెలంగాణ" అని అరిచింది పక్కింటి పిల్లే. వాళ్లమ్మ పరుగున వచ్చి నోరు మూసి లోపలికి లాక్కుపోయింది.

బడి లేదు కదా అని టీచరన్న రోజూ పొద్దున మా వాకిట్లోకే వచ్చి చదువు చెప్పేవాడు. ఎవరి పిల్లలైనా రావచ్చు. ఎక్కాల కన్నా ముందు అట్టముక్కలు తీసేవాడు. వాటి మీద బొగ్గుతో ముఖాలు గీసుకొచ్చేవాడు.

"ఇది ఏంది చెల్లె?" అనేవాడు.

"కోపం."

"మంచిగ చూడు. కండ్లు కిందికున్నయ్. కోపమైతే మీదికుంటయ్."

"భయం."

"శాబాష్. భయపడ్డోళ్లను కోపమొచ్చినోళ్లు అనుకుంటం మనం. అందుకే కొట్లాటలైతయ్. దగ్గరికి పోయి అడగాలె. లోపల పెట్టుకున్నది చెప్తే సగం తగ్గుతది."

ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే ఆయన ఎవరినీ తిట్టేవాడు కాదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, నీకేమనిపించింది, నీకేమనిపించింది అని అడిగేవాడు. అందరి ముందూ చెప్పాక కోపం ఎక్కడికో పోయేది. ఆయన పోయి మూడేళ్లవుతోంది కాబట్టి ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఆయన చెడ్డవాడని నేనెప్పుడూ అనుకోలేదు. మా నాయిన కన్నా ఆయనంటేనే నాకు ఎక్కువ ఇష్టం ఉండేది.

శనివారం సాయంత్రం మా వాటాలో ప్రార్థన జరిగేది. చాపలు పరిచి పదిమందీ చుట్టూ కూర్చునేవారు. కంజీర వాయిస్తూ రెండు పాటలు, వాక్యం, ఆ తర్వాత సాక్ష్యాలు, ప్రార్థన మనవులు. అంటే ఒక్కొక్కరూ ఆ వారం తాము చేసిన తప్పో, తమకు వచ్చిన కష్టమో అందరి ముందూ చెప్పాలి. ఒకరికి మోకాళ్ల నొప్పి, ఇంకొకరికి తాగుబోతు మరిది. విన్నవాళ్లంతా కళ్లు మూసుకుని దాని కోసం గట్టిగా ప్రార్థించి ఆమెన్ అంటారు. ఆఖరున ఉడికించిన శనగ గుడాలు, చాయ.

నేను ఆరేళ్లప్పుడే సాక్ష్యం చెప్పాను. నాయినమ్మ దాచుకున్న బెల్లం నేనే తిన్నానని, పిల్లి మీద పెట్టానని ఏడుస్తూ చెప్పాను. అందరి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఎంత సాఫు మనసు పిల్లది" అన్నారు. టీచరన్న నన్ను ఎత్తుకున్నాడు. అబద్ధమెందుకు, ఆ మెప్పు రుచి మరిగాను. ప్రతి వారం చెప్పడానికి ఏదో ఒకటి వెతుక్కునేదాన్ని. ఏ తప్పూ చేయని వారం తమ్ముణ్ణి గిల్లైనా తప్పు సంపాదించుకునేదాన్ని.

ఎండాకాలం నడుమ ఒక వారం పక్కింట్లో తిరగమోత వాసన రాలేదు. పిన్నిగారు బావి దగ్గరకు వస్తే కళ్లు వాచి ఉండేవి. ఆ పిల్ల ఆటకు రాలేదు. నేనే వెళ్లి చెయ్యి పట్టుకుని తోటకు తీసుకెళ్లాను. కోతలయ్యాక రాలిన ద్రాక్షపళ్లు ఏరుకుంటే తోట కావలి తాత ఏమనేవాడు కాదు. ఆ పిల్ల ఏరింది గానీ తినలేదు. కళ్లు కిందికి ఉన్నాయి.

"నీకు కోపమొచ్చిందా?"

తల అడ్డంగా ఊపింది.

"అయితే భయం. నాకు తెలుసు. చెప్పు, సగం తగ్గుతది."

నేను వదల్లేదు. చివరికి నా చెవిలో చెప్పింది.

"మా నాన్న కాగితం నిజంది కాదటే. ముల్కీ కాగితం. ఆఫీసులో అందరివీ వెతుకుతున్నారట. దొరికితే ఉద్యోగం తీసేస్తారట. అప్పుడు మేమెక్కడికి వెళ్లాలో తెలీదని అమ్మ ఏడుస్తోంది."

ముల్కీ కాగితమంటే ఏమిటో మా ఇద్దరికీ కొంత తెలుసు. ఆ ఏడాది చంటిపిల్లలకు కూడా తెలుసు. ఇక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్నవాళ్లకే ఇవ్వాల్సిన ఉద్యోగాలు కొన్ని ఉండేవి. ఇక్కడివాడినేనని చూపించే కాగితం అది. వాళ్లు కోస్తా నుంచి పట్నం వచ్చి నాలుగేళ్లే అయింది.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి," అని నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకోబోయింది.

నేను చెయ్యి లాక్కున్నాను. మా ఇంట్లో ఒట్టు పెట్టుకోవడం పాపం. నాయినమ్మకు తెలిస్తే వాత పెట్టేది.

"ఒట్టు పెట్టను. దేవునికి తప్ప ఎవ్వలికి చెప్పను," అన్నాను.

ఆ పిల్ల కాస్త ఆలోచించింది. "దేవుడికైతే ఫర్వాలేదులే," అంది.

వాళ్ల దేవుడు వంటింటి అలమరలో ఉండేవాడు. పిన్నిగారు ఆయన ముందు నిలబడి పెదవులు కూడా కదపకుండా అన్నీ చెప్పుకునేది. మా దేవుడికి చెప్పాలంటే చాప మీద కూర్చుని, పదిమందికీ వినబడేలా చెప్పాలి. ఇద్దరం చెరో దేవుణ్ణి మనసులో పెట్టుకుని ఆ మాట ఒప్పుకున్నాం. అప్పుడు ఆ పిల్ల ద్రాక్షపళ్లు తిన్నది. నేను దాని భయం సగం తగ్గించానని గర్వపడ్డాను.

శనివారం నా వంతు వచ్చింది. ఆ వారం సొంత తప్పు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. నిజంగానే నాకు దుఃఖం వచ్చింది. "పక్కింటి బాబాయిగారి కోసం ప్రార్థన చెయ్యుండ్రి. ఆయన ముల్కీ కాగితం నిజంది కాదంట. నౌకరి పోతదని పిన్నిగారు ఏడుస్తున్నది. వాళ్లు ఎటూ పోవద్దు," అని చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాను.

అందరూ కళ్లు మూసుకున్నారు. నాకు ఒక కన్ను కొద్దిగా తెరిచి చూసే అలవాటు. టీచరన్న కళ్లు తెరిచే ఉన్నాయి. కిందికి చూస్తున్నాడు. అన్ని ముఖాలు నేర్చిన నేను ఆ ముఖం చూసి, పాపం, జాలిపడుతున్నాడు అనుకున్నాను. నాయిన ఆమెన్ అన్నాడు. అమ్మ మాత్రం అనలేదని నాకు తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

గుడాలు పంచుతుంటే టీచరన్న తన దోసెడు కూడా నా గిన్నెలో పోసి పక్కన కూర్చున్నాడు.

"ఆయన ఏ ఆఫీసుల చేస్తడు చెల్లె?"

చెప్పాను.

"పూర్తి పేరేంది?"

"ఎందుకన్నా?"

"దేవునికి వివరంగ చెప్పాలె కద. గట్లయితేనే ప్రార్థన బలంగుంటది."

పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా చెప్పాను. ఇంకేమైనా కావాలా అని కూడా అడిగినట్టు గుర్తు.

రెండు వారాలు తిరక్కుండానే బాబాయిగారు మిట్టమధ్యాహ్నం నడుచుకుంటూ ఇంటికొచ్చారు. చేతిలో టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. మరుసటి రోజు పదిమంది కుర్రాళ్లు వచ్చి వాకిట్లో నిలబడి, దొంగ ముల్కీ వెళ్లిపోవాలని అరిచారు. ఒకడు వాళ్ల గోడ మీద బొగ్గుతో ఏదో రాశాడు. మా నాయిన బయటకు వెళ్లి, ఆడపిల్లలున్న ఇల్లు, ఇక పొండి అని వాళ్లను పంపించేశాడు. ఆ కుర్రాళ్లలో టీచరన్న లేడు. కానీ ఎవరో "పిటిషన్ పెట్టింది మన సండే స్కూలాయినే" అని నాయినతో అనడం నేను విన్నాను.

సాయంత్రం ఆ పిల్ల బావి దగ్గర కనబడింది.

"నువ్వే చెప్పావు," అంది.

"దేవునికే చెప్పిన."

"గట్టిగా చెప్పావా?"

"మేమందరం గట్టిగనే చెప్తం."

అది బొక్కెన కింద పెట్టింది. "మీ దేవుడికి చెవుడా?" అంది. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడిగింది. బొక్కెన తీసుకుని వెళ్లిపోయింది. అదే ఆఖరి మాట.

నేను చంపాపేట దాకా ఒక్కదాన్నే నడిచిపోయాను. అంత దూరం ఒంటరిగా పోవడం అదే మొదలు. టీచరన్న గుమ్మంలో కూర్చుని అంగీకి గుండీ కుట్టుకుంటున్నాడు.

"నువ్వు చెప్పినవా అన్నా?"

సూది ఆపాడు. అబద్ధమాడలేదు. "చెప్పిన," అన్నాడు. "కూసో చెల్లె. ఆయన కాగితం దొంగదా కాదా?"

"దొంగదే."

"మరి ఆ కుర్చీల కూసునే హక్కు ఎవలిది? నాది కావచ్చు, నా అసొంటోనిది కావచ్చు. రెండేండ్ల సంది తిరుగుతున్న. తప్పు చేసినోని సంగతి చెప్పుడు తప్పెట్లయితది?"

"నేను ప్రార్థన చెయ్యమన్న. నువ్వు పేరడిగితే ప్రార్థనకే అనుకున్న."

ఆయన నన్ను చూడకుండా దారం కొరికాడు. ఆ తర్వాత లేచి, ఎండలో వచ్చావని మంచినీళ్లిచ్చాడు. నేను తాగలేదు.

ఆయన అన్నదాంట్లో న్యాయం లేదని ఇప్పటికీ అనను. ఆ కాగితం దొంగదే. దాని వల్ల ఇక్కడి పిల్లాడి నోటికాడి కూడు పోయింది. నన్నిప్పుడు అడిగినా ఉద్యమం వైపే నిలబడతాను. కానీ ఆయనకు ఆ సంగతి దొరికింది ఆఫీసు దస్త్రాల్లో కాదు. లోపలున్నది చెప్పు, సగం తగ్గుతుంది అని ఏడేళ్ల పిల్లకు నేర్పి, ఆ పిల్ల ఇంకో పిల్ల దగ్గర రాబట్టుకొచ్చినదాన్ని గుడాల గిన్నె పక్కన కూర్చుని తీసుకున్నాడు. ఆ కోపం నాకు తగ్గలేదు.

నాయినను అడిగితే "కాగితం దొంగదే గద బిడ్డా, నువ్వేం అబద్ధం చెప్పలె" అన్నాడు. నాయినమ్మ అదే అంది. అమ్మ మాత్రం పక్కింటికి వెళ్లి సామాన్లు కట్టడానికి సాయం చేసింది. వారం తిరిగేసరికి పొద్దున్నే లారీ వచ్చింది. జాడీలన్నీ గడ్డిలో చుట్టి ఎక్కించారు. ఎక్కబోయే ముందు పిన్నిగారు మా అమ్మ చెయ్యి పట్టుకుంది.

"పిల్లను ఏమీ అనకండి వదినగారూ. చిన్నది, దానికేం తెలుసు," అంది.

ఆ మాట కన్నా నాలుగు తిట్టినా బాగుండేది. ఆ పిల్ల అప్పటికే వాళ్ల నాన్న ఒళ్లో అటు తిరిగి కూర్చుంది. నేను బావి గట్టు పట్టుకుని నిలబడ్డాను. లారీ మలుపు తిరిగేదాకా అది ఇటు చూడలేదు.

వాకిట్లో పిల్లలు నన్ను ఆటల్లోకి రానిచ్చేవారు గానీ, గుసగుసలాడేటప్పుడు దూరం పంపేవారు. "దానికి చెప్పకుండ్రి, ప్రార్థనల పెడ్తది" అని నవ్వేవారు. బడి తెరిచాక కూడా ఆ మాట నాతో పాటే వచ్చింది. నాకు మళ్లీ అలాంటి స్నేహం కుదరలేదు. నేనే కుదరనివ్వలేదేమో కూడా. పెద్దయ్యాక నర్సునయ్యాను. రోగులు నాకు చెప్పని సంగతంటూ ఉండేది కాదు. ఒక్కటీ నా నోటి నుంచి బయటికి పోలేదు. నా సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నవాడికి కూడా.

వానలు తగ్గాక టీచరన్నకు ఉద్యోగం వచ్చింది. బాబాయిగారి ఖాళీలోనే వేశారు. మాలో ఎవరికి మేలు జరిగినా దేవుడికి వందనాలు చెప్పే కృతజ్ఞత కూడిక పెట్టుకుంటారు. ఆయనకు సొంత ఇల్లు లేదు కాబట్టి మా వాటాలోనే పెట్టారు. కొత్త అంగీ వేసుకుని లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు.

"రెండేండ్లు తిరిగిన. చెప్పులరిగినయ్. నాకు రావలసింది ఎవలి దగ్గరున్నదో నాకు తెల్వదు. దేవుడు చూపెట్టిండు. పెద్దోళ్లతోటి కాదు, ఈ చిన్నపిల్లతోటి చూపెట్టిండు. దేవుడు ఈ పిల్లను వాడుకున్నడు."

అని నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. పదిమందీ ఆమెన్ అన్నారు. నాయిన కళ్లు తుడుచుకున్నాడు. అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. పెద్దాయన ఒకాయన, ముగింపు ప్రార్థన ఈ పిల్లే చెయ్యాలన్నాడు.

నాకు ఆయన చెయ్యి విదిలించి కొట్టాలనిపించింది. నీ కోసం చెప్పలేదు, వాళ్ల కోసం చెప్పాను, వాళ్లు వెళ్లొద్దని చెప్పాను అని ఆ చాపల మధ్య నిలబడి అరవాలనిపించింది. అరవడానికే నోరు తెరిచాను. అందరి ముఖాలూ నా వైపే తిరిగి ఉన్నాయి, బెల్లం సంగతి చెప్పిన రోజు చూసినట్టే చూస్తున్నాయి. కళ్లు మూసుకున్నాను. టీచరన్నకు నౌకరి ఇచ్చినందుకు దేవుడికి వందనాలు చెప్పాను. ఆయన ఇంకా పైకి రావాలని అడిగాను. ఎక్కడా తడబడలేదు, ఏడవలేదు. "పిల్లకు మస్తు తెలివొచ్చింది" అంది నాయినమ్మ.

సేమియా పాయసం మొదటి గిన్నె నాకే ఇచ్చారు. పక్క వాటాలోకి అప్పటికి ఇంకా ఎవరూ దిగలేదు. ఆ గోడకు వీపు ఆనించి కూర్చుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాను.